రౌటర్‌కి జ్వరం

ఆమెని అందరూ దుబాసి అనే పిలుస్తారు. అసలు పేరు ఆఫీసు కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. చెవులు వినపడనివాళ్ళకీ వినపడేవాళ్ళకీ మధ్య వీడియోలో కూర్చుని, సైగల్ని మాటల్లోకీ మాటల్ని సైగల్లోకీ మార్చడం ఆమె ఉద్యోగం. పొద్దున్నే నల్లచొక్కా తొడుక్కుని, మధ్యగదిలో గోడకి బూడిదరంగు గుడ్డ వేలాడదీసి, దాని ముందు కూర్చుంటుంది. ఒంటిమీద పువ్వులూ చారలూ ఉంటే చేతులు సరిగా కనపడవని ఆ నలుపు. పని మొదలైందంటే ఆ చేతులకీ, ఆ మొహానికీ క్షణం తీరిక ఉండదు.

ఆ రోజు ఒక వడ్రంగి, ఒక డాక్టరమ్మ. వడ్రంగికి వినపడదు. డాక్టరమ్మకి మంచం కావాలి. మంచం కింద సొరుగులు పెట్టాలని ఆవిడ, అన్ని సొరుగులు పెడితే మంచం నిలవదని అతను. బేరం మంచి రసపట్టులో ఉండగా నెట్ ఆగిపోయింది. ఆగిపోవడం మామూలే గానీ, ఈసారి ఆగిన చోటు మంచిది కాదు. దుబాసి ఒక కన్ను మూసి, నోరు తెరిచి, కుడిచెయ్యి పైకెత్తిన క్షణంలో బొమ్మ బిగుసుకుపోయింది. డాక్టరమ్మకి తన తెర మీద నిండుగా అదే కనపడుతోంది.

బొమ్మ మళ్ళీ కదిలేసరికి ఆవిడ మొహం కందగడ్డయింది.

"నేనేమన్నానని నా మీద చెయ్యెత్తారు?"

"అయ్యో, చెయ్యెత్తలేదండీ. సొరుగు ఎంత ఎత్తుండాలో చెప్తున్నానండీ."

"మరి ఆ కన్ను?"

కన్ను మూస్తేనే ఆ సైగకి ఆ అర్థం వస్తుందని దుబాసి వివరించబోతే మళ్ళీ నెట్ పోయింది.

ఆమె ఆ గదిలోంచి బుసలు కొడుతూ బయటికొచ్చింది. హాల్లో మొగుడు టీ తాగుతున్నాడు. అతను ఆస్పత్రిలో మందుల కౌంటర్ చూస్తాడు, అందరికీ మందులాయన. చీటీ మీద ఏ డాక్టరు ఎంత అడ్డంగా గీసినా చదివేయగలడు గానీ, ఇంట్లో ఏ పని చెప్పినా అతని నోట వచ్చేది ఒకటే మాట: "చూద్దాం." కుళాయి కారుతోందంటే చూద్దాం. అటక మీద సామాను కూలేలా ఉందంటే చూద్దాం. ఆ మాట విని విని దుబాసికి చెవులు దిమ్మెక్కిపోయాయి.

"ఈ దిక్కుమాలిన నెట్‌తో నా ఉద్యోగం ఊడేలా ఉంది. వింటున్నారా?" అంది, జవాబు తెలిసే.

అతను గ్లాసు కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి, బీరువా వెనక సందులో మేకుకి వేలాడుతున్న రౌటర్ దగ్గరికి వెళ్ళి, దాని మొహంలోకి తేరిపార చూశాడు.

"దీని సంగతి ఈ ఆదివారం తేలుస్తా," అన్నాడు.

దుబాసి ముక్కున వేలేసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక పనికి అతను రోజు చెప్పడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్నే మందులాయన ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పక్కన రౌటర్, పిన్నీసు, చిన్న స్క్రూడ్రైవరు, ఒక గుడ్డముక్క. ఆపరేషన్ బల్లలా ఉంది. దుబాసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తారు దాన్ని?"

"ఇందులో ఒక చిన్న మెదడుంటుంది. కంపెనీవాడు దాన్ని నింపాదిగా నడవమని చెప్పి పంపిస్తాడు. పిల్లలకి సగం మాత్ర ఇచ్చినట్టు. నేను లోపలి సాఫ్ట్‌వేరు మార్చి ఒకటిన్నర మాత్ర వేస్తా. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు."

"అది తట్టుకోలేకపోతే?"

"పడిపోతుంది."

"పడిపోతే?"

"లేపుతాం."

పడిపోనే పోయింది. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించి, వేగం పెంచే గడిలో అంకె మార్చి, మీట నొక్కగానే ఆకుపచ్చ దీపాలన్నీ ఆరిపోయి ఒక్క నారింజరంగు దీపం బిక్కుబిక్కుమంటూ మిగిలింది. అదే క్షణంలో లోపలి గదిలోంచి అత్తగారి కేక వినపడింది. ఆవిడకి నెట్ టీవీలో వచ్చే కుస్తీపోటీలంటే ప్రాణం. వారమంతా మోకాళ్ళ నొప్పులని మంచం దిగదు గానీ, పోటీ వచ్చిందంటే ఆ మంచం మీదే గెంతుతుంది.

"ఒరేయ్! ఎర్రచెడ్డీవాడు నీలంచెడ్డీవాణ్ణి నెత్తిమీదికి ఎత్తాడురా! ఎత్తి అలాగే ఉండిపోయాడు!"

"ఒక్క నిమిషం అమ్మా!"

"నిమిషమా? అంతసేపు వాడు మొయ్యగలడా?"

మందులాయన పిన్నీసుతో రౌటర్ వెనక చిల్లులో గుచ్చి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలించాడు. దేవుణ్ణి తలుచుకున్నాడో, తిట్టుకున్నాడో తెలీదు. అంకె కొంచెం తగ్గించి మళ్ళీ ప్రయత్నించాడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. లోపల్నించి "పడేశాడురోయ్!" అని కేక.

నెట్ అంతకు ముందుకంటే కొంచెం నయంగా ఉంది. దుబాసి పెద్ద మనసు చేసుకుని "ఫరవాలేదు" అంది. మందులాయన మాత్రం ఫుట్‌బాల్ కప్పు గెలిచినవాడిలా ఇల్లంతా తిరిగాడు.

ఇంతలో కొత్త బాధ మొదలైంది. రౌటర్ కాగిపోతోంది. చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా చురుక్కుమంటోంది. మందులాయన దాని మూత ఊడదీసి, పాత కంప్యూటర్‌లోంచి పీకిన అల్యూమినియం రెక్కల ముక్క లోపల అంటించి, ఎదురుగా అరచేతంత ఫ్యాను పెట్టాడు. దాని వేడి ఎంతుందో ఫోన్లో కనపడే ఏర్పాటు చేసుకుని, ఆస్పత్రికి వెళ్తూ చూసేవాడు, వచ్చాక చూసేవాడు. "ఇవాళ జ్వరం పెరిగిందే" అని దిగులుపడేవాడు. పెళ్ళానికి నిజంగా జ్వరమొచ్చినప్పుడు "వేడినీళ్ళు తాగు" అని ఊరుకున్న మనిషి, ఆ డబ్బాకి పట్టే సేవ చూస్తే దుబాసికి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆ మంటలోనే ఒక రోజు, పెద్దగా ఆలోచించకుండా ఒక మాట అంది. రౌటర్‌కి సరిగ్గా పైన అటక. అటక నిండా విరిగిన కుర్చీలు, పాత పత్రికలు, ఎవరూ విప్పి చూడని అట్టపెట్టెలు, వాటి మీద వేళ్ళు దిగేంత దుమ్ము.

"పైనుంచి అంత దుమ్ము రాలుతుంటే నేనైనా ఉడికిపోతాను. అది మాత్రం ఉడకదా?"

మందులాయన తలెత్తి అటక వైపు చూశాడు. మర్నాడు పొద్దున్న దుబాసి లేచేసరికి నిచ్చెన వేసి ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని మొగుడు అటక మీద కూర్చుని దులుపుతున్నాడు.

ఆమె నిచ్చెన పట్టుకుని పైకి చూసింది. తర్వాత మెల్లగా అర్థమైంది. తన చేతికి ఒక తాళంచెవి దొరికింది.

ఈ సంగతి చెల్లెలితో చెప్పకపోతే ఆమెకి పొట్ట ఉబ్బిపోతుంది. చెల్లెలికి పుట్టినప్పటినుంచీ వినపడదు. దుబాసి సైగల భాష నేర్చుకున్నది ఉద్యోగం కోసం కాదు, ఆ పిల్లతో పోట్లాడటం కోసం. ఉద్యోగం తర్వాత దానంతట అదే వచ్చింది. చెల్లెలు వేరే ఊళ్ళో ఒక నాటకాల కంపెనీలో రాజులకీ రాక్షసులకీ బట్టలు కుడుతుంది. ఇంట్లో దాని ముద్దుపేరు గడుగ్గాయి. ఆ పేరుకి అది ఏ రోజూ మచ్చ రానివ్వలేదు.

అక్కాచెల్లెళ్ళు వీడియోలో మాట్లాడుకునేది హాల్లోనే. సోఫాలో మందులాయన పేపరు చదువుకుంటూ కూర్చున్నా వాళ్ళకి అడ్డేమీ లేదు. అతనికి ఆ భాషలో ఒక్క ముక్క తెలీదు. బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటాడు. అందుకని ఆయన ముందే ఆయన మీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు.

"దుమ్ము వల్ల దానికి జ్వరమన్నాను. అటకంతా అద్దంలా తుడిచేశాడు!" అంది దుబాసి చేతులతో.

చెల్లెలు తెరలో పగలబడి నవ్వింది. "అయితే ఆగకు. ఇంకేం పనులున్నాయి?"

"కుళాయి."

"కుళాయికీ రౌటర్‌కీ ఏం సంబంధం?"

"నువ్వే చెప్పు."

చెల్లెలు గడ్డం గోక్కుంది. "చెమ్మ. గాల్లో చెమ్మ ఎక్కువైతే లోపలి తీగలు తుప్పు పడతాయని చెప్పు."

దుబాసి చెప్పింది. చెప్పేటప్పుడు మొహం చాలా గంభీరంగా పెట్టింది. మొహంతో బతికే మనిషికి అదెంత పని! ఆ సాయంత్రమే మందులాయన వాషరు కొనుక్కొచ్చి కుళాయి బిగించాడు. తర్వాత వంటింటి పొగ వల్ల రౌటర్‌కి ఊపిరాడటం లేదని తేలింది. ఎగ్జాస్ట్ ఫ్యాను విప్పి, జిడ్డు గోకి, మళ్ళీ పెట్టాడు. కిటికీలోంచి ఎండ సూటిగా దాని మీద పడుతోందని తేలింది. ఎప్పటినుంచో ఒక పక్క ఊడి వేలాడుతున్న కర్టెన్ కడ్డీని గోడకి చిల్లులు వేసి బిగించాడు. ఒక్కోపని అయినప్పుడల్లా దుబాసి చెల్లెలికి నివేదిక ఇచ్చేది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకునేవాళ్ళు. మందులాయన పేపరు పేజీ తిప్పేవాడు.

"ఈసారి బీరువా జరిపించు," అంది చెల్లెలు ఒక రోజు.

"అమ్మో, అది ఇనప బీరువా. నా బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడెందుకు జరపడం?"

"సరదాకి. దానికోసం కూడా ఒళ్ళు వంచుతాడేమో చూద్దాం. బీరువా వేడెక్కి ఆ వేడి దానికి అంటుకుంటోందని చెప్పు."

దుబాసికి మొదట మనసొప్పలేదు. తర్వాత సరదా గెలిచింది. మందులాయన విన్నాడు, బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు, బట్టలన్నీ తీసి మంచం మీద పెట్టాడు, తల్లిని పిలిచి "అటు నెట్టమ్మా" అన్నాడు. "నా మోకాళ్ళు..." అని మొదలుపెట్టిన అత్తగారు, కుస్తీలో చూసిన పట్టేదో గుర్తొచ్చినట్టు భుజం ఆనించి ఒక్క తోపు తోసింది. బీరువా కీచుమంటూ అవతలి మూలకి వెళ్ళింది.

ఆ రోజునుంచీ నెట్ ఆగితే ఒట్టు! దుబాసి ఒక మెకానిక్కీ ఇన్సూరెన్సు ఆఫీసుకీ మధ్య గంటన్నర గొడవని ఒక్క సైగ పొల్లుపోకుండా దాటించింది. వడ్రంగీ డాక్టరమ్మా మళ్ళీ వచ్చి రెండు సొరుగుల దగ్గర రాజీపడ్డారు. మొగుడి తెలివికి ఆమె మనసులోనే ఒక మెట్టు పైన పీట వేసింది.

"ఇంకాస్త డోసు పెంచా," అన్నాడు మందులాయన. "అయితే ఒక పథ్యం ఉంది. రోజూ సాయంత్రం ఒక గంట దానికి విశ్రాంతి కావాలి. ఆ గంట నా ఫోను తప్ప ఇంకెవరి ఫోనూ దాని దరిదాపుల్లో ఉండకూడదు. నేను తలుపేసుకుని జ్వరం చూడాలి. మీరిద్దరూ ఫోన్లు పట్టుకుని అలా వీధి చివరిదాకా నడిచి రండి."

"నేనా? నడకా?" అంది అత్తగారు. నడిస్తే మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెవిలో ఇల్లుకట్టుకుని పోరినా ఆవిడ గడప దాటలేదు.

"వద్దులే అమ్మా. కుస్తీ మధ్యలో ఆగిపోతే నన్ననకు."

అత్తగారు చెప్పులేసుకుంది.

అలా అత్తాకోడళ్ళు రోజూ సాయంత్రం నడక మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి అత్తగారు మలుపు దాటి, పార్కు దాటి, కోడలికంటే ముందు నడవసాగింది. ఒక రోజు అలా నడుస్తూ చటుక్కున ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, వాడికి ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నారే. ఏం అత్తయ్యా?"

"బాత్రూంలో అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుకుంటున్నాడు. ముక్కు పట్టుకుంటాడు, గుండె మీద కొట్టుకుంటాడు, వేళ్ళు ముడేసుకుంటాడు. నన్ను చూసి దోమ అన్నాడు. రోజూ దోమేనా?"

బీరువా జరిపినప్పుడు భుజం పట్టేసిందేమో, దానికేదో వ్యాయామం చేసుకుంటున్నాడు కాబోలు. పాపం, అనుకుంది దుబాసి. ఇంక ఒక్క పనితో ఆపేద్దాం అనుకుంది. ఆ ఒక్క పనీ గోడ. హాల్లో గోడ పెచ్చులూడి, చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

మర్నాడు సెలవు. హాల్లో వీడియో పెట్టి కూర్చుంది. వెనక సోఫాలో మామూలుగా మొగుడు, పేపరు.

"ఇదే ఆఖరు. గోడకి తెల్లరంగు వేయిస్తాను. తెల్లగోడ వేడిని వెనక్కి కొడుతుందని చెప్తాను. తర్వాత వదిలేస్తా, భుజం నొప్పి పుట్టినట్టుంది," అంది చేతులతో.

చెల్లెలి కళ్ళు అక్క మీద లేవు, అక్క భుజం పక్కగా ఎక్కడికో వెళ్ళాయి. పెదవులు బిగబట్టుకుంది. బుగ్గలు ఉబ్బాయి.

దుబాసి గిర్రున వెనక్కి తిరిగింది. మొగుడు పేపరు చదువుతున్నాడు. ఇటు తిరిగింది. చెల్లెలు నవ్వాపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది. ఈసారి దుబాసి వెనక్కి తిరగలేదు. తెర మూలన తన బొమ్మ కనపడే చిన్న చతురస్రంలోకి చూసింది. అందులో, తన భుజం వెనక, పేపరు ఒళ్ళో పడుంది. దాని పైన రెండు చేతులు కదులుతున్నాయి. పలక మీద కొత్తగా అక్షరాలు దిద్దేవాడిలా, ఆగి ఆగి, ఒత్తి ఒత్తి.

"తెల్ల గాడిద వద్దు. లేత ఆకుపచ్చ గాడిద అయితే వేస్తా."

దుబాసి కుర్చీలోంచి లేచింది.

"గాడిదేంటి?" అంది, ముందుగా నోటికొచ్చింది అదే కాబట్టి.

మందులాయన కంగారుపడ్డాడు. "గోడ కదా? గోడకి వేళ్ళు ఇలాగేగా?"

"బొటనవేలు లోపలికి ముడవాలి! ఇలా!" అని వేళ్ళు సరిచేసి, అప్పుడు నాలిక కరుచుకుంది. "ఆగండి. ఆగండాగండి. మీకు వచ్చా?"

"కొంచెం."

"ఎప్పట్నుంచి?"

"అటక దులిపేనాటికి అక్షరాలే. కుళాయినాటికి మీరు నా గురించి ఏమనుకుంటున్నారో సగం అర్థమైంది. ఫ్యాను నాటికి మొత్తం. నా పేరు ఆవలింతటగా?"

దుబాసి మొహం పాలిపోయింది. సైగల భాషలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరుంటుంది. పెళ్ళిచూపులకి వచ్చిన రోజు అతను ఆవలించాడు. అంతే, నోటి ముందు అరచెయ్యి ఆడించడం అతని పేరైపోయింది. ఇన్నేళ్ళూ ఆయన ఎదురుగానే ఆ పేరు వాడుతున్నారు.

"ఎవరు నేర్పారు?" అంది, జవాబు తెర మీద పగలబడి నవ్వుతుండగానే.

"మా మరదలే. తలుపేసుకుని జ్వరం చూస్తానన్న గంటంతా దాని దగ్గర పాఠాలే. అంతకు ముందు ఆస్పత్రి మేడ మీదినుంచి మాట్లాడేవాణ్ణి, అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు. ఇంటికొచ్చి మొదలుపెడితే మన నెట్ ఆగి ఆగి చచ్చేది. దాని చెయ్యి సగంలో ఆగిపోతే నేనేం నేర్చుకోను? నీకూ అదే బాధని ఆ రోజు నువ్వొచ్చి చెప్పావు."

"మరి తెలిసి తెలిసీ కుళాయెందుకు బాగుచేశారు? బీరువా ఎందుకు జరిపారు?"

"కుళాయి కారుతోందిగా. బీరువా మాత్రం దాని ఆలోచన. ఇనప బీరువా వెనక రౌటర్ పెడితే సిగ్నల్ ఎక్కడికి పోతుంది? ఆ సంగతి నేను చెప్తే నీ బట్టల్ని ముట్టుకోనిస్తావా? అందుకని నీ చేత చెప్పించింది. జరిపిన రోజే నెట్ బాగుపడింది."

"ఓవర్‌క్లాకింగ్?"

మందులాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "అదా... పెంచినప్పుడల్లా కళ్ళు తేలేసేది. బీరువా జరిపాక మామూలు డోసుకే దింపేశా."

అంటే సాయంత్రం పథ్యం ఉత్తిదే. తాను వీధులు కొలిచింది ఉత్తినే. అత్తగారి మోకాళ్ళు బాగుపడటం ఒక్కటే నిజం. దుబాసికి కోపం తన్నుకొచ్చింది గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మోసం తానే మొదలుపెట్టింది.

"అడిగితే నేనే నేర్పేదాన్ని కదా," అంది చివరికి.

"అడిగా. పెళ్ళైన కొత్తలో. 'చూద్దాం' అన్నావు."

ఆమెకి గుర్తులేదు. అదే ఇంకా సిగ్గనిపించింది.

మందులాయన పేపరు మడతపెట్టాడు. గొంతులో పరాచికం తగ్గింది. "చెల్లెలొస్తే ఇద్దరూ అరగంట చేతులు తిప్పుకుంటారు, పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఏంటే అంటే 'ఏం లేదు, మామూలే' అంటావు. ఊళ్ళో వడ్రంగికీ డాక్టరమ్మకీ ముక్క వదలకుండా చెప్తావు. నాకు మాత్రం అరగంటకి రెండు మాటలు. నేనూ మీ ఇంటివాణ్ణే గదా."

తెర మీద చెల్లెలు నవ్వు ఆపి, చెయ్యి ఊపింది. "ఏమంటున్నాడు? చెప్పు."

అలవాటు ప్రకారం దుబాసి చేతులు పైకి లేచాయి. మందులాయన ఆ చేతుల్ని మెల్లగా కిందికి దించాడు. "ఉండు. నేను చెప్తా," అని తెర ముందుకొచ్చి కూర్చున్నాడు. అన్నదంతా మళ్ళీ చేతులతో అన్నాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో రెండు చోట్ల తప్పులొచ్చాయి. దుబాసి చూసింది గానీ దిద్దలేదు. చెల్లెలు చివరిదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, "ఇవాళ్టినుంచి నీకు కొత్త పేరు వెతుకుతా బావా," అంది. మందులాయన దాన్ని ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకున్నాడు.

అంతటితో దుబాసి ఊరుకుంటే ఆమె గడుగ్గాయి అక్క ఎలా అవుతుంది? రెండు రోజులు కుక్కిన పేనులా ఉంది. మూడోనాటి సాయంత్రం అత్తగారిని ఒక్కదాన్నే నడకకి పంపించి, తలనొప్పని లోపల పడుకుంది. హాల్లో మందులాయన దర్జాగా, తలుపులన్నీ బార్లా తెరిచి, మరదలికి ఆస్పత్రి కబుర్లు చెబుతున్నాడు. చేతులు కొత్తగా వచ్చినవాడి హుషారు అంతా ఇంతా కాదు. ఒక కబురుకి ఒళ్ళంతా ఊపుతున్నాడు.

దుబాసి దుప్పట్లో ల్యాప్‌టాప్ తెరిచింది. మొగుడు అన్నిసార్లు తన ముందే తెరిచిన పేజీ, తన ముందే కొట్టిన పాస్‌వర్డ్. వేగం గడిలో అంకెలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే కిందున్న పెద్ద అంకె పక్కన ఎర్రక్షరాలతో ఏదో హెచ్చరిక ఉంది. ఆ కిందిదాన్నే ఎంచుకుని మీట నొక్కింది.

రౌటర్ ఒక్క క్షణం సుడిగాలిలా పనిచేసింది. తర్వాత ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. దుబాసి నవ్వు వినపడకుండా ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళి నిలబడేసరికి చెల్లెలి దగ్గర్నించి ఫోటో వచ్చి పడింది. తెర నిండా బావగారు. ఒక కన్ను మూత, నోరు బార్లా, రెండు చేతులూ కోడిని పట్టబోతున్నట్టు ముందుకి చాచి. దుబాసి గేటు పట్టుకుని వంగిపోయి నవ్వింది.

లోపల మందులాయన రౌటర్‌ని పిన్నీసుతో గుచ్చాడు, ఊదాడు, తలకిందులు చేశాడు, వీపు తట్టాడు. ఈసారి నారింజదీపం కూడా రాలేదు. దుబాసి గుమ్మంలో నిలబడి ఫోటో చూపించింది. అతను చూశాడు, రౌటర్‌ని చూశాడు, ఆమెని చూశాడు.

"ఎర్రక్షరాలదా?" అన్నాడు.

"ఎర్రక్షరాలదే."

"చంపేశావు కదే!"

అంతలో గేటు చప్పుడైంది. అత్తగారు రొప్పుతూ, మొహం వెలిగిపోతూ లోపలికొచ్చింది. "పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగాన్రా! సరే, టీవీ పెట్టు. ఇవాళ ఫైనలు!"

ఫైనల్ సంగతి దుబాసికి గుర్తే లేదు. అత్తగారు ఆరిపోయిన రౌటర్‌ని చూసింది.

"ఎవరు చేశారు దీన్ని?"

దుబాసి ఫోను వెనక్కి దాచింది.

"నేనే అమ్మా," అన్నాడు మందులాయన. "డోసు కాస్త ఎక్కువైంది."

తర్వాత అరగంట ఆవిడ కొడుకుని చెడామడా దులిపేసింది. చిన్నప్పుడు విప్పి పాడుచేసిన గడియారంతో మొదలుపెట్టి ఏదీ వదల్లేదు. అతను తలొంచుకుని నిలబడి, తల్లికి కనపడకుండా నడుం పక్కన చేత్తో పెళ్ళానికి ఒక సైగ చేశాడు. గాడిద. ఈసారి బొటనవేలు పొరపాటుగా పడలేదు.

దుబాసికి నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఏదో జవాబిచ్చింది. అత్తగారు తిట్టడం ఆపి ఇద్దరి చేతుల వంకా మార్చి మార్చి చూసింది.

"ఓహో. అద్దం ముందు దోమ ఇదా?"

ఇద్దరూ చేతులు వెనక్కి దాచుకున్నారు.

"మీరిద్దరూ, ఆ గడుగ్గాయీ. ముగ్గురూ కలిసి నా ముందే నా గురించి మాట్లాడుకుంటారన్నమాట. ఇంట్లో తెలివితక్కువదాన్ని నేనొక్కదాన్నే!"

"అయ్యో, లేదత్తయ్యా, మీ గురించి కాదు..."

"నాకేం చెప్పొద్దు."

ఫైనల్ ఆవిడ పక్కింట్లో చూసింది. ఎవరు గెలిచారో అడిగినా చెప్పలేదు. మర్నాడు మందులాయన కొత్త రౌటర్ తెచ్చి బిగించాడు. దుబాసి సోఫా జరిపితే, అతను హాల్లో ఒక పక్క గోడ గీకడం మొదలుపెట్టాడు, లేత ఆకుపచ్చ డబ్బా పక్కన పెట్టుకుని. సాయంత్రం చెల్లెలి ఫోన్ వచ్చే వేళకి దుబాసి హాల్లోకి వచ్చేసరికి, తెర ముందు తన కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కోడలి నల్లచొక్కా ఒకటి పైన తొడుక్కుని.

చెల్లెలు తెరలోకి వచ్చి, ఆవిణ్ణి చూసి కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత వినయంగా దండం పెట్టి, చేతులు కదిపింది.

"ఏమంటోంది?" అంది అత్తగారు.

"ముందు ఏం నేర్చుకుంటారని అడుగుతోంది అత్తయ్యా. పేర్లా, అంకెలా, ఇంట్లో సామానా?"

అత్తగారు చొక్కా చేతులు మోచేతులదాకా మడిచింది. కోడలి వైపూ, గోడ దగ్గర రంగు కుంచెతో బిగుసుకుపోయిన కొడుకు వైపూ ఒకసారి చూసింది.

"తిట్లు," అంది. "ముక్క వదలకుండా చెప్పు."